పర్మనెంట్ అనే మాటకు గడువెంత?

ఇంటి పద్దు



పోయిన సంచికలో బ్యాంకు లాకరుకు నామినేషన్ ఎందుకు రాయాలో చెప్పాను. చదివి, మర్నాడే బ్యాంకుకు వెళ్ళి ఫారం నింపి వచ్చామని కొందరు ఉత్తరాలు రాశారు. సంతోషం. ఈసారి కూడా లెక్కలే చెబుతానని మీరు అనుకుంటారు. లెక్క ఉంది కానీ కొంచెమే. ఎక్కువ భాగం కనుబొమల గురించి. బ్యాంకు ఆఫీసరుకు కనుబొమలతో ఏం పని అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మొదట నేనూ అలాగే నవ్వాను. ఆ నవ్వు ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

మా ఆవిడ హోసూరులో చిన్న పిల్లలకు తెలుగు చెప్పే పంతులమ్మ. 2022లో ఆమెకు రొమ్ము క్యాన్సరు అని తేలింది. ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ బెంగుళూరులో జరిగాయి. దేవుడి దయ వల్ల, డాక్టర్ల చలవ వల్ల గట్టెక్కాము. కీమోలో జుట్టు పోతుందని ముందే చెప్పారు కాబట్టి దానికి సిద్ధపడి ఉన్నాము. కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా పోతాయన్న సంగతి మాత్రం మా మనసుకు ఎక్కలేదు. తలమీద జుట్టు ఏడాదిలో తిరిగి వచ్చింది, మునుపటికంటే ఉంగరాలుగా. కనుబొమలు రాలేదు. అక్కడక్కడ నాలుగు వెంట్రుకలు మొలిచి ఆగిపోయాయి.

ఆమె రోజూ పొద్దున్నే అద్దం ముందు కూర్చుని పెన్సిలుతో కనుబొమలు దిద్దుకుని బడికి వెళ్ళేది. ఒక మధ్యాహ్నం చెమట పట్టి కొంగుతో ముఖం తుడుచుకుందట. రెండో తరగతి పిల్లవాడు ఒకడు లేచి, "టీచర్, మీ ఒక కనుబొమ పోయింది" అన్నాడట. క్లాసంతా నవ్వింది, ఆమె కూడా నవ్విందట. ఇంటికి వచ్చి ఆ సంగతి నాకు చెబుతూ మళ్ళీ నవ్వింది. చెప్పడం పూర్తయ్యేసరికి ఏడుస్తోంది.

ఆ రాత్రే, "ఏమండీ, పర్మనెంట్ మేకప్ అని ఒకటి ఉందట. కనుబొమల చోట రంగు ఎక్కిస్తారట. చేయించుకుంటాను" అంది. నేను పేపరులోంచి తల ఎత్తకుండా, "ఈ వయసులో ఎందుకు? నిన్ను ఎవరు చూడొచ్చారు?" అన్నాను. "నేను చూస్తాను కదండీ" అంది, అంతే. రెండు రోజులు మా ఇంట్లో మాటలు కాఫీ, భోజనం వరకే నడిచాయి.

మూడో రోజు బ్యాంకులో ఒక పెద్దావిడ పింఛను తీసుకోవడానికి వచ్చింది. పక్షవాతం వచ్చి చేయి వణుకుతోంది. సంతకం మా దగ్గరున్న నమూనా సంతకంతో కలవలేదు. నేను ఆమెను కూర్చోబెట్టి, "మీ సంతకం మారిందమ్మా, ఫరవాలేదు. కొత్త నమూనా సంతకం ఇవ్వండి, ఇకనుంచి అదే చూస్తాము" అన్నాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం ఆ మాట నా చెవికే గట్టిగా వినిపించింది. కౌంటరుకు అవతల ఉన్నవారికి ఇచ్చే మర్యాద ఇంట్లో మనిషికి ఇవ్వలేకపోయానని సిగ్గేసింది.

ఇంటికి వచ్చి మా అమ్మతో చెప్పాను. ఆవిడకు ఎనభై దాటాయి. ముంజేతి మీద తులసికోట పచ్చబొట్టు ఉంది. చిన్నప్పుడు సంతలో ఎరుకల ఆవిడ పొడిచిందట. అమ్మ ఆ పచ్చబొట్టు తడుముకుంటూ, "నాకు పదేళ్ళప్పుడు చేయి పట్టుకుని పొడిపించారు రా. నన్నెవరూ అడగలేదు. అది తనంతట తానే అడుగుతుంటే నువ్వెవడివి వద్దనడానికి?" అంది. దాంతో వాదన ముగిసింది.

ఇంతకీ ఈ పర్మనెంట్ మేకప్ అంటే ఏమిటి? ఒక్క మాటలో చెప్పాలంటే అది కూడా పచ్చబొట్టే. మనం పచ్చబొట్టు అంటాము, పక్కింటి కన్నడం వారు హచ్చె అంటారు, ఎదురింటి తమిళులు పచ్చై కుత్తుదల్ అంటారు, మరాఠీ వారు గోందణ్ అంటారు. సూదితో చర్మంలోకి రంగు పంపడమే అన్నిటికీ మూలం. తేడా లోతులో ఉంది, రంగులో ఉంది. పాత పచ్చబొట్టులో దీపపు మసి లోతుగా దిగి జీవితాంతం ఉంటుంది. చర్మం కింద నలుపు మన కంటికి పచ్చగా, నీలంగా కనబడుతుంది కాబట్టే దానికి ఆ పేరు. ఈ కొత్త పద్ధతిలో రంగును పైపైనే, రెండో పొర మొదట్లోనే నిలుపుతారు. అందువల్ల ఎండకు, కాలానికి అది మెల్లగా వెలిసిపోతుంది. మనిషి చర్మాన్ని బట్టి ఒకటి నుంచి మూడేళ్ళు ఉంటుంది. పేరు పర్మనెంటే గాని, మా భాషలో చెప్పాలంటే అది ఫిక్సెడ్ డిపాజిట్టు. గడువు తీరాక రెన్యూ చేయించుకోవాలి. అయితే పూర్తిగా మాయమవుతుందన్న హామీ కూడా లేదు. కొందరికి లేత మచ్చలా ఏళ్ళ తరబడి మిగులుతుంది, రంగు మారుతుంది. గోధుమ రంగు ఎర్రబడవచ్చు, నలుపు బూడిద రంగుకో నీలానికో తిరగవచ్చు. చేయించుకునే ముందు ఈ రెండు వైపులా తెలిసి ఉండాలి.

కనుబొమలకు ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. సన్నని సూదులు వరసగా బిగించిన చేతి పరికరంతో ఒక్కొక్క వెంట్రుకలా గీతలు గీయడం ఒకటి. దాన్ని మైక్రోబ్లేడింగ్ అంటారు. చిన్న యంత్రంతో చుక్కలు చుక్కలుగా రంగు వేసి, పౌడరు అద్దినట్టు చేయడం రెండోది. జిడ్డు చర్మం ఉన్నవారికి గీతలు కొన్నాళ్ళకు అలుక్కుపోతాయి కాబట్టి రెండోది నయమంటారు. కళ్ళకు కాటుక గీతలా, పెదవులకు రంగులా కూడా చేస్తారు. వాటి గురించి నాకు స్వానుభవం లేదు గనుక ముందు కనుబొమల సంగతే చెబుతాను.

మేము మొదట వెళ్ళిన చోటు పేరు చెప్పను. పెద్ద అద్దాలు, చల్లని గది. పండుగ ఆఫరు, సగం ధర, ఈ రోజే ఆఖరు అన్నారు. మా ఆవిడ క్యాన్సరు వైద్యం సంగతి చెప్పబోతే, "ఏమీ కాదు మేడమ్, కూర్చోండి" అని కుర్చీ చూపించారు. షుగరు ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని ఒక్కరూ అడగలేదు. కాగితాలు అడక్కుండా అప్పు ఇస్తానన్నవాడిని నేను నమ్మను. అప్పు ఇచ్చేవాడు ఎన్ని ప్రశ్నలు అడిగితే తీసుకునేవాడికి అంత క్షేమం. ఇద్దరం లేచి వచ్చేశాము.

తర్వాత చేయవలసిన పని ముందు చేశాము. ఆమెకు వైద్యం చేసిన క్యాన్సరు డాక్టరును అడిగాము. కీమో ఆగిన కొన్ని నెలలకు చాలామందికి కనుబొమలు వాటంతటవే వస్తాయని, అందుకే తొందరపడవద్దని ఆయన సాధారణంగా చెబుతారట. మా ఆవిడకు వైద్యం ముగిసి చాలాకాలం అయింది. రక్త పరీక్షలు చూసి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు సరిగా ఉన్నాయని, చేయించుకోవచ్చని ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. చర్మ వైద్యులను కూడా ఒకసారి కలిశాము. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే ఈ మెట్టు దాటవేయకండి.

ఎవరు చేయించుకోకూడదో ఆ డాక్టరుగారు చెప్పింది రాస్తున్నాను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. షుగరు అదుపులో లేనివారు, దెబ్బ తగిలితే కండ పెరిగే కెలాయిడ్ చర్మం ఉన్నవారు, కనుబొమల చోట కురుపులు, ఎగ్జిమా ఉన్నవారు వద్దు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినవారు అవి మానేసి కొన్ని నెలలు ఆగాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగాలి తప్ప, కనుబొమల కోసం తమంతట తామే మందు మానకూడదు. పెదవుల మీద తరచు జ్వరపు పొక్కులు వచ్చేవారికి పెదవుల రంగు చేయిస్తే అవి మళ్ళీ లేస్తాయి కాబట్టి ముందుగా మందు వాడవలసి రావచ్చు.

రెండో చోటు ఒక చిన్న గది, ఒకే ఒక అమ్మాయి. ఆమె పావుగంట సేపు ప్రశ్నలే అడిగింది. డాక్టరు చీటీ చదివి నకలు తీసుకుంది. మా ఆవిడ చెవి వెనక కాస్త రంగు, మత్తు క్రీము పెట్టి, రెండు రోజులు చూసుకుని దురద, దద్దురు లేకపోతే రమ్మంది. తాను చేసినవారి ఫోటోలు చూపించింది. అప్పుడే చేసినవి మాత్రమే కాదు, ఏడాది గడిచాక తీసినవి కూడా. మీరు కూడా ఆ రెండో రకం ఫోటోలే అడగండి. కొత్త ఇల్లు ఎవరికైనా బాగానే కనిపిస్తుంది, వానాకాలం గడిచాక చూడాలి.

రంగు సీసా మీద తయారీదారు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్నాయా అని నేను అడిగాను. ఉన్నాయి. అది చాదస్తం కాదు. 2025 ఆరంభంలో కర్ణాటక ఆరోగ్య శాఖ పచ్చబొట్టు సిరాల నమూనాలు పరీక్ష చేయించి, వాటిలో భారలోహాలు కనిపించాయని, ఈ సిరాలను బి.ఐ.ఎస్. ప్రమాణాల కిందికి తేవాలని కేంద్రాన్ని కోరతామని ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచే పచ్చబొట్టు సిరాల మీద, పర్మనెంట్ మేకప్ రంగుల మీద కూడా ఆంక్షలు పెట్టింది. మన దగ్గర కొనేవాడే కళ్ళు తెరిచి చూసుకోవాలి.

చేయించుకున్న రోజు సంగతి. త్రైమాసిక సెలవులు మొదలైన శనివారం ఎంచుకున్నాము. మొత్తం రెండున్నర గంటలు పట్టింది. అందులో సూది పని గంటకు మించలేదు. మొదటి గంట అంతా కొలతలే. దారం లాగి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, రెండు వైపులా సమంగా ఉందో లేదో చూసింది. తర్వాత అద్దం ఇచ్చి, "మీకు నచ్చితేనే మొదలుపెడతాను" అంది. మా ఆవిడ పాత ఫోటో ఒకటి తీసి చూపించి, కుడి పక్క కొంచెం దించమంది. మా పెళ్ళినాటి ఫోటో అది. రెండు కనుబొమలూ అచ్చం ఒకేలా ఉండవలసిన పని లేదని, ఎవరి ముఖంలోనూ అలా ఉండవని ఆ అమ్మాయి చెప్పింది. ఈ ఘట్టంలో మొహమాటపడకూడదు. పెన్సిలు గీత చెరుపుకోవచ్చు, సూది గీత చెరగదు.

మత్తు క్రీము రాసి అరగంట ఆగారు. కొత్త సూదుల పొట్లం మా ఎదుటే విప్పారు, చేతులకు కొత్త తొడుగులు వేసుకున్నారు, పని అయ్యాక సూదులు వాటి డబ్బాలో పారేశారు. ఇది కళ్ళారా చూడవలసిన విషయం. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. లాంటివి రావచ్చు. నొప్పి ఎలా ఉందని అడిగితే, "చీమలు వరసగా నడుస్తూ అప్పుడప్పుడు కుడుతున్నట్టుంది. కీమో సూదుల ముందు ఇదెంత?" అంది మా ఆవిడ.

ఇంటికి వచ్చాక అద్దంలో చూసుకుని ఆమె బెదిరింది. రంగు మరీ ముదురుగా, నాటకంలో వేషం కట్టినట్టుంది. ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాము. మీకూ ఉపయోగపడుతుందని రోజులవారీ పద్దు రాసి పెట్టాను. మొదటి మూడు రోజులు ముదురు రంగు, కొంచెం వాపు, ఎరుపు. నాలుగో రోజు నుంచి దురద, పైన పొట్టు లేవడం. పదో రోజుకు పొట్టంతా రాలి, రంగు సగం పోయినట్టు కనిపించింది. డబ్బంతా నీళ్ళపాలయిందని నేను అనుకున్నది అప్పుడే. చర్మం మానే కొద్దీ నాలుగో వారం నుంచి రంగు మళ్ళీ తేలింది. అసలు రంగు ఏమిటో ఆరో వారానికి గాని తెలియదు. అప్పుడు రెండో సిట్టింగులో లోపాలు సరిదిద్దుతారు. అది మొదటి ధరలోనే కలిసి ఉందో లేదో ముందే అడిగి రసీదు మీద రాయించుకోండి.

పథ్యం పది రోజులు. కనుబొమలు నీళ్ళలో నానకూడదు, ఎండ తగలకూడదు, చెమట పట్టే పని తగ్గించాలి, ఆవిరి పట్టకూడదు. పొట్టు గిల్లకూడదు. గిల్లితే అక్కడ రంగు ఊడి తెల్లగా మిగులుతుంది. వాళ్ళిచ్చిన లేపనం తప్ప మరొకటి రాయకూడదు. మా అమ్మ ప్రేమకొద్దీ పసుపు, కొబ్బరినూనె తెచ్చింది. బతిమాలి వెనక్కు పంపాము. ఎరుపు తగ్గకుండా పెరిగితే, చీము పట్టినా, జ్వరం వచ్చినా చేసినవారి దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మరి మూడు విషయాలు. చేయించుకున్న తర్వాత ఒక ఏడాది రక్తదానం చేయకూడదు. ఎప్పుడైనా ఎం.ఆర్.ఐ. తీయవలసి వస్తే, స్కానింగు చేసేవారికి ఈ సంగతి ముందే చెప్పాలి. కొన్ని రంగుల్లో ఇనుము ఉంటుంది కాబట్టి అరుదుగా అక్కడ మంటో వాపో వస్తుంది. అలాగని అవసరమైన స్కానింగు మానుకోవడం ఇంకా ప్రమాదం. నచ్చకపోతే లేజరుతో తీయించవచ్చు గాని, అది ఒక్కసారితో అయ్యే పని కాదు, ఖర్చూ ఎక్కువే, కొన్ని రంగులు లేజరు తగిలితే పోవడానికి బదులు నల్లబడతాయి. అందుకే తీయించుకోవచ్చులే అన్న ధీమాతో చేయించుకోకండి.

ఇక పద్దు. మేము కట్టింది రెండు సిట్టింగులకూ కలిపి 16,000 రూపాయలు. రెండేళ్ళు నిలిచిందనుకుంటే నెలకు సుమారు 667. తరుగుదల నూటికి నూరు, తిరిగి అమ్మితే వచ్చేది సున్నా. నేను చదివిన బి.కాం. ప్రకారం ఇది ఆస్తి కానే కాదు, పూర్తి ఖర్చు. ఆ మాటే మా ఆవిడతో అంటే, "మీ టూవీలరు అమ్మితే ఎంతొస్తుంది?" అని అడిగింది. నేను ఆ పుటను అక్కడితో మూసేశాను.

రెండో సిట్టింగు ఒక శనివారం అయింది. సోమవారం ముదురు కనుబొమలతోనే బడికి వెళ్ళింది. ఆ రోజు రెండో తరగతి ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చుందట. ఎందుకర్రా అంటే, కనుబొమ పోయిందన్న ఆ పిల్లవాడే లేచి, "టీచర్, మీకు కోపం వచ్చింది కదా?" అన్నాడట. ఇంటికి వచ్చి చెబుతూ నవ్వింది. ఈసారి నవ్వు నవ్వుగానే ముగిసింది.

రెండేళ్ళకు రంగు వెలిస్తే మళ్ళీ వేయిస్తావా అని మొన్న అడిగాను. "అప్పటికి ఎలా అనిపిస్తే అలా" అంది. అసలు వద్దనుకున్నా అనుకోవచ్చునట. సరే అన్నాను. ఆమె ఖాతా, ఆమె సంతకం.

వచ్చే సంచికలో ఆరోగ్య బీమా క్లెయిము కాగితాలు ఎలా భద్రపరచుకోవాలో రాస్తాను. అంతవరకు సెలవు.